చివరి సీటు

ప్రార్థన మందిరం వ్యాను తాళం చేతికొచ్చాక మొదటి ఆదివారం డ్రైవరు కడిగిన బండినే మళ్ళీ కడిగాడు. అద్దాలు తుడిచాడు. తుడిచిన గుడ్డ ఉతికి ఆరేశాడు. అది ఆరేలోపు ఊరికే నిలబడడం చేతకాక టైర్లు కూడా తుడవడం మొదలుపెట్టాడు. గుమ్మంలోంచి చూస్తున్న భార్యకు నవ్వూ వచ్చింది, జాలీ వేసింది.

"బండిని తోముతున్నావా, తోలు ఒలుస్తున్నావా? కాస్త రంగన్నా మిగల్చు."

"దుమ్ముంది."

"దుమ్మూ లేదు, గిమ్మూ లేదు. వెళ్ళి స్నానం చెయ్యి, ఆలస్యమైతే అందరూ నడిచి వెళ్ళిపోతారు."

ఆ మాట ఎంత నిజమవుతుందో అప్పటికి ఇద్దరికీ తెలీదు.

అతన్ని అందరూ డ్రైవరనే పిలుస్తారు. బండి తోలడం మానేసి చాలాకాలమైంది, ఇప్పుడు గ్యారేజీలో ఇంకొకళ్ళ బస్సులు కడుగుతున్నాడు, అయినా ఆ పేరు మాత్రం వదల్లేదు. బడి బస్సు తోలే రోజుల్లో ఒక మధ్యాహ్నం, చివరి సీటులో నిద్రపోయిన పాపను చూసుకోకుండా బస్సుకు తాళం వేసి టీకి వెళ్ళిపోయాడు. మండుటెండ, మూసిన అద్దాలు. వాచ్‌మన్ చెవిన అద్దం మీద కొడుతున్న చప్పుడు పడబట్టి పాప బతికింది. అతని ఉద్యోగం పోయింది, లైసెన్సు కొన్నాళ్ళు పోయింది, నిద్ర చాన్నాళ్ళు పోయింది.

పోయిన ఆదివారం పాస్టరుగారు అతన్ని ప్రార్థన మందిరంలో ముందుకు పిలిచారు. దేవుడు రెండో అవకాశం ఇచ్చే దేవుడని చెప్పారు. పాప తల్లిని కూడా నిలబెట్టారు. ఆమె ఆసుపత్రిలో నర్సు. "క్షమించాను" అని ఆమె అనగానే హాలంతా చప్పట్లు. మందిరం తలుపుల నుంచి అల్మరా దాకా అన్ని తాళాలూ నడుముకు వేలాడదీసుకుని తిరిగే తాళాల పెద్దాయన, ఆ గుత్తిలోంచి, ఆదివారాలు అందరినీ మందిరానికి తెచ్చే వ్యాను తాళం ఊడదీసి డ్రైవరు చేతిలో పెట్టాడు. అందరూ కౌగిలించుకున్నారు. డ్రైవరు చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

అందుకే ఈ ఆదివారం బండి అంతలా మెరిసిపోతోంది.

మొదటి మలుపు దగ్గర టైలరు, అతని భార్య, పిల్లలు నిలబడి ఉన్నారు. డ్రైవరు బండి పక్కకు తీసి, తలుపు మీట లాగాడు. తలుపు తెరుచుకుంది. ఎవరూ ఎక్కలేదు.

"అబ్బ, బండి ఎంత బాగుందన్నా! కొత్త బండిలా ఉంది!" అంటూ టైలరు బండి పక్కన అరచేత్తో రెండు దెబ్బలు వేశాడు. "నువ్వు పద. మేం నడిచొస్తాం. డాక్టరు నన్ను రోజూ నడవమన్నాడు."

"మరి పిల్లలు?"

టైలరు ఒక్క క్షణం నీళ్ళు నమిలాడు. "వాళ్ళనీ నడవమన్నాడు."

అతని భార్య నేల చూపులు చూస్తూ చిన్నదాన్ని వెనక్కి లాక్కుంది. డ్రైవరు మీట వెనక్కి తోశాడు.

ఆ తర్వాతి వీధిలో ఇద్దరు ముసలివాళ్ళు బండిని చూసి, ఏదో మర్చిపోయినట్టు ఇంట్లోకి వెళ్ళిపోయారు. పెద్ద రోడ్డెక్కాక పక్కనుంచి ఒక స్కూటరు దాటింది. ముందు ఒక పిల్లాడు నిలబడి, వెనక ఇద్దరు ఇరుక్కుని కూర్చుని, మధ్యలో పాస్టరుగారు. ఆయన పిల్లలు వ్యాను కేసి చేతులూపారు. పాస్టరుగారు కూడా చెయ్యెత్తబోయి, స్కూటరు ఊగేసరికి మానుకున్నారు. పోయిన ఆదివారం కౌగిలింతల్లో అందరికంటే గట్టిది ఆయనదే.

ఆసుపత్రి క్వార్టర్ల గేటు దగ్గర డ్రైవరు బండి ఆపి, తలుపు తెరిచి, ఇంజను కూడా ఆపేశాడు. హారన్ కొట్టలేదు. పై అంతస్తులో ఒక కిటికీ తెర పక్కకు జరిగి, మళ్ళీ సర్దుకుంది. పక్కకు జరిపింది పెద్ద చెయ్యో చిన్న చెయ్యో కనపడలేదు. కాసేపు చూసి తలుపు మూశాడు.

చివరి స్టాపులో మాత్రం మామ్మ నిలబడి ఉంది, కర్ర ఊపుతూ. ఆవిడకు చెవులు సరిగా వినపడవు కాబట్టి అందరితోనూ అరిచి మాట్లాడుతుంది. చెయ్యి పట్టుకుని ఎక్కిస్తుంటే, ఖాళీ సీట్లన్నీ కలయజూసి, "ఏంట్రా, అందరికంటే నేనే ముందొచ్చానా?" అంది.

"మీరే మామ్మా," అన్నాడు గట్టిగా.

"అబద్ధాలాడకు. చెవులు పోయాయి గానీ బుద్ధి పోలేదు నాకు." వెనక్కి వెళ్ళకుండా సరిగ్గా అతని వెనక సీటులో చతికిలబడి, కర్ర కాళ్ళ మధ్య పెట్టుకుంది. "నన్ను మాత్రం బండిలో మర్చిపోయినా ఫరవాలేదు. కాస్త నిద్రన్నా పడుతుంది. ఇంట్లో కోడలు నాక్కూడా వినపడేంత గట్టిగా టీవీ పెట్టి చంపేస్తోంది."

ఆ విషయం మీద ఎవరైనా అతని ముందు హాస్యమాడడం అదే మొదటిసారి. అతనికి నవ్వాలో ఏడవాలో తెలీలేదు. రెండూ వచ్చాయి. అద్దంలోంచి మామ్మ అది చూసి, చూడనట్టు కిటికీ వైపు తిరిగింది.

మందిరం ముందు మామ్మను దించి, కర్ర చేతికిచ్చి, మెట్ల దాకా దిగబెట్టి వచ్చాడు. వచ్చి మళ్ళీ బండెక్కాడు. మొదటి సీటు దగ్గర వంగి సీటు మీద అరచెయ్యి ఆనించాడు, కింద తొంగి చూశాడు. తర్వాతి సీటు. ఆ తర్వాతది. అలా చివరి సీటు దాకా వెళ్ళి, దాని మీదా చెయ్యి ఆనించి, "ఖాళీ" అని పైకే అన్నాడు. అప్పుడు గానీ తాళం వెయ్యలేదు.

లోపల ప్రార్థన మొదలైంది. అందరూ కళ్ళు మూసుకున్నారు. ఆ సంఘటన తర్వాత అతనికి ఇది ఒకటి అలవాటైంది, ప్రార్థనలో కళ్ళు మూసుకోలేడు. మూసుకుంటే ఏదో జరిగిపోతుందన్న భయం. అందుకని కళ్ళు తెరిచే దేవుడితో మాట్లాడుకుంటాడు, వంచిన తలలన్నిటినీ చూసుకుంటూ. ఆ రోజు ఆడవాళ్ళ వైపు ఇంకో జత కళ్ళు తెరిచి ఉండడం చూశాడు. నర్సు. ఒక చెయ్యి పాప భుజం మీద వేసి, తల వంచకుండా తిన్నగా చూస్తోంది. ఇద్దరి చూపులూ కలిశాయి. ఎవరూ నవ్వలేదు. పాప మాత్రం వేళ్ళ సందులోంచి అతన్ని చూసి, పళ్ళన్నీ బయటపెట్టి నవ్వింది.

ఆ సంగతి జరగక ముందు నర్సు అతన్ని అన్నయ్యా అనేది. "అన్నయ్యా, ఇవాళ దీనికి దగ్గుంది, కిటికీ మూసెయ్యి" అని బస్సు ఆపి మరీ చెప్పేది. ఆ మాట విని చాలాకాలమైంది.

*

గ్యారేజీలో సోమవారం బురద రోజు. దూరం వెళ్ళొచ్చిన బస్సులన్నీ వరసగా నిలబడి ఉంటాయి. గొట్టం పట్టుకుని పైనుంచి కిందికి నీళ్ళు కొట్టి, పొడుగు కర్ర బ్రష్షుతో సబ్బు నురగ రుద్ది, మళ్ళీ నీళ్ళు కొట్టాలి. మిగతా పనివాళ్ళకు బయట కడగడం ఇష్టం, నీళ్ళల్లో హాయిగా ఉంటుందని. లోపలి పని ఎవరికీ పట్టదు. సీట్ల కింద దూరి, మోకాళ్ళ మీద పాకుతూ చెత్త లాగాలి. ఆ పని డ్రైవరు అడిగి మరీ తీసుకున్నాడు. సీట్ల కింద దొరికినవన్నీ, తలకు పెట్టుకునే క్లిప్పులు, ఒంటరి సాక్సు, డబ్బా మూత, బొమ్మ చెయ్యి, కడిగి షెడ్డు కిటికీలో వరసగా పెడతాడు. పోగొట్టుకున్నవాళ్ళు ఎప్పుడో ఒకప్పుడు వస్తారని. బొమ్మ చెయ్యి కోసం ఎవరొస్తారని తోటివాళ్ళు ఆటపట్టిస్తే, "బొమ్మ వస్తుంది" అంటాడు.

మధ్యాహ్నం తాళాల పెద్దాయన వచ్చాడు. ఆయన కనపడక ముందే వినపడతాడు. బురదలో చెప్పులు పాడవకుండా ఒక ఇటుక మీద నిలబడ్డాడు.

"బాగున్నావా?"

"బాగున్నానండి." డ్రైవరు గొట్టం పక్కన పడేసి చేతులు తుడుచుకున్నాడు.

"నిన్న బండి ఖాళీగా వచ్చింది."

"మామ్మ ఎక్కిందండి."

"మామ్మ ఎడ్లబండి వచ్చినా ఎక్కుతుంది." పెద్దాయన ఇటుక మీద కుదురుగా నిలబడడానికి అవస్థ పడుతున్నాడు. చెడ్డవాడు కాదు, ఎవరితోనూ గొడవ పడడం చేతకానివాడు. "నీ మీద ఎవరికీ కోపం లేదయ్యా. అందరూ క్షమించారు. నువ్వే చూశావుగా, ఎంతమంది కౌగిలించుకున్నారో. కానీ పిల్లల్ని ఎక్కించడమంటే... అది వేరే సంగతి కదా."

డ్రైవరు వెళ్ళి గొట్టం కుళాయి కట్టేసి వచ్చాడు.

"బండి ఖాళీగా తిరుగుతుంటే నలుగురూ నవ్వుతున్నారు. ముసలివాళ్ళు ఎండలో నడుస్తున్నారు. వచ్చే ఆదివారం దాకా చూద్దాం. అప్పుడూ పిల్లలెవరూ ఎక్కకపోతే తాళం నాకిచ్చెయ్యి. మా మేనల్లుడు తోలుతానంటున్నాడు."

"మీ మేనల్లుడికి లైసెన్సు వచ్చిందాండి?"

"వస్తుంది," అన్నాడు పెద్దాయన, ఇటుక దిగి.

ఆ సాయంత్రం డ్రైవరు భార్య బట్టలు ఇస్త్రీ చేస్తోంది. ఇంటి ముందు గది అంతా ఊళ్ళోవాళ్ళ చొక్కాలే. అతను గోడకు ఆనుకుని కూర్చుని, మడతపెట్టినవి ఒక్కొక్కటే అందుకుని దొంతర పెడుతున్నాడు.

"తాళం రేపే ఇచ్చేస్తాను," అన్నాడు.

ఆమె ఇస్త్రీపెట్టె ఆపలేదు. "ఎందుకు?"

"ఎవరూ ఎక్కరు. వాళ్ళను మొహమాటపెట్టడం ఎందుకు? టైలరు పిల్లలు పాపం అంత దూరం నడిచారు."

"నడిస్తే అరిగిపోరు."

"నీకు అర్థం కాదు. దేవుడు క్షమించాడని పాస్టరుగారు చెప్పారు. నేనూ నమ్మాను. క్షమించాక ఏం చెయ్యాలో మాత్రం ఎవరూ చెప్పలేదు."

ఆమె ఇస్త్రీపెట్టె నిలబెట్టి అతని వైపు తిరిగింది. కోపం వచ్చినప్పుడు ఆమె గొంతు పెరగదు, తగ్గుతుంది.

"రెండో అవకాశం దొరికిందని ఆ రోజు హాల్లో అంత ఏడ్చావు. ఏడవడానికేనా దేవుడు ఇచ్చింది? ఎవరూ ఎక్కకపోతే ఖాళీ బండే తోలు. ప్రతి స్టాపులో ఆపు. ప్రతిసారీ చివరి సీటు దాకా వెళ్ళు. ఇది నీకు ఇంకొకళ్ళు చెప్పాలా?" చొక్కా మళ్ళీ బల్ల మీద పరిచి చేత్తో నునుపు చేసింది. "బుధవారం ప్రార్థన ఉంది. బండి తియ్యి. ఆ చొక్కా కాలరు నలుపుతున్నావు, ఇటివ్వు."

అతను చూసుకుంటే నిజంగానే చొక్కా కాలరు గుప్పిట్లో పట్టుకుని ఉన్నాడు. ఆమె దాన్ని లాక్కుని మళ్ళీ ఇస్త్రీ చేసింది. కాసేపటికి, అతని తల మీద చెయ్యి వేసి, జుట్టు చెరిపింది.

*

బుధవారం పొద్దు వాలుతుండగా బండి తీశాడు. సాయంత్రాలు మామ్మకు చూపు ఆనదు, రాదు. ప్రతి స్టాపులోనూ ఆపాడు, తలుపు తెరిచాడు, మూశాడు. దారిలో నడిచి వెళ్తున్నవాళ్ళు అతన్ని చూసి ఆప్యాయంగా చేతులూపారు. అతనూ ఊపాడు. ఇంత ప్రేమగా ఎవరూ ఎవరినీ దూరం పెట్టి ఉండరు.

మందిరం పక్క సందులో బండి ఆపి, ఇంజను ఆపి, లేచి వెనక్కి నడిచాడు. మొదటి సీటు మీద చెయ్యి. కింద చూపు. తర్వాతి సీటు. వెలుతురు తగ్గింది కాబట్టి చిన్న టార్చి వెలిగించి, మోకాళ్ళ మీద వంగి చూస్తున్నాడు.

"ఎవరిని వెతుకుతున్నారు?"

ఉలిక్కిపడి లేచేసరికి పై కమ్మీ తలకు తగిలింది. తలుపు దగ్గర నర్సు నిలబడి ఉంది, డ్యూటీ బట్టల్లోనే, స్కూటరు తాళం చేతిలో పట్టుకుని.

"ఎవర్నీ కాదమ్మా."

"క్వార్టర్ల దగ్గర నుంచి మీ వెనకే వచ్చాను. బండిలో ఒక్కరు కూడా లేరు."

"లేరమ్మా. తెలుసు."

"మరి ఎందుకు చూస్తున్నారు?"

డ్రైవరు టార్చి ఆర్పాడు. "ఆ రోజు కూడా ఎవరూ లేరనే తెలుసమ్మా నాకు."

ఆమె తలుపు కమ్మీ పట్టుకుంది. లోపల మందిరంలో ఎవరో హార్మోనియం మెట్లు సరిచూస్తున్నారు. ఆ చప్పుడు ఆగింది.

"మీకొక మాట చెప్పాలి," అంది ఆమె. "ఆ ఆదివారం నన్ను అందరి ముందూ నిలబెట్టి అడిగారు. కాదంటే అక్కడ పాపాత్మురాలిని నేనే అయ్యేదాన్ని. అందుకని క్షమించానని చెప్పాను. కానీ లోపల క్షమ ఇంకా రాలేదు. పాపను మా ఆసుపత్రికి తెచ్చిన రోజు డ్యూటీలో నేనే ఉన్నాను. నా కూతురని తెలీకుండానే స్ట్రెచర్ దగ్గరికి పరిగెత్తాను. నా చేతులతోనే సూది గుచ్చాను. అది గుర్తొస్తే మీ మొహం చూడలేను. అబద్ధం ఎంతకాలమని ఆడను?"

ఇన్నాళ్ళూ అందరూ తియ్యగా మాట్లాడుతుంటే అతనికి రాని ధైర్యం, ఈ చేదు మాటలు వింటుంటే వచ్చింది. ఎందుకో హాయిగా కూడా అనిపించింది.

"చెప్పినందుకు మంచిదమ్మా," అన్నాడు. "తొందరేం లేదు."

"ఎప్పటికీ రాకపోతే?"

"రాకపోయినా నేను ఈ సీటు దాకా రావాలి కదమ్మా."

ఆమె అతన్ని అలాగే చూసింది. తర్వాత చూపు తిప్పి, చివరి సీటు వైపు చూసింది. అక్కడ ఏముంది, అతుకు వేసిన రెక్సిన్, మూలన ఊడిన దారం.

"అది ఇప్పటికీ ఇంట్లో తలుపు గడియ పెట్టనివ్వదు," అంది నెమ్మదిగా. "బాత్రూమ్ తలుపు కూడా. కానీ మిమ్మల్ని మాత్రం పల్లెత్తు మాట అననివ్వదు. మామయ్య మర్చిపోయాడంతే అంటుంది. నాకు దాని మీద కూడా కోపం వస్తుంది, తెలుసా?"

"రావాల్సిందేనమ్మా."

ఆమె మందిరంలోకి వెళ్ళిపోయింది. డ్రైవరు టార్చి వెలిగించి మిగిలిన సీట్లు చూశాడు. చివరి సీటు మీద చెయ్యి ఆనించాక, అక్కడే నేల మీద కూర్చుండిపోయి, పాపం గుండె బరువు తీరేదాకా ఏడ్చాడు. ఆ రోజు ప్రార్థనకు వెళ్ళలేదు. వెళ్ళినదానికంటే ఎక్కువే చేశాడని నా నమ్మకం.

*

ఆదివారం బండిని ఒక్కసారే కడిగాడు. తాళాల పెద్దాయనకు ఇచ్చెయ్యడానికి గుడ్డలు, టార్చి, గాలి పంపు ఒక సంచిలో సర్ది ముందు సీటు కింద పెట్టాడు. భార్య చూసింది. ఆ రోజు తనూ అతని పక్కన ఎక్కి కూర్చుంది.

టైలరు మలుపు దగ్గర ఎవరూ లేరు. ముందే నడిచి వెళ్ళిపోయారు. తర్వాతి వీధీ ఖాళీ. అన్నిచోట్లా ఆపాడు, తలుపు తెరిచాడు, మూశాడు. అతను తలుపు మూసిన ప్రతిసారీ భార్య ముందుకు చూస్తూ కూర్చుంది.

క్వార్టర్ల గేటు దగ్గర నర్సు నిలబడి ఉంది. పక్కన పాప. జుట్టు నున్నగా దువ్వి, కొత్త చెప్పులు వేసుకుని, ఎప్పుడెప్పుడా అని కాలు మార్చి కాలు మీద గెంతుతోంది.

డ్రైవరుకు మీట లాగడానికి చెయ్యి రాలేదు. భార్య అతని మోచేతిని పొడిచింది. తలుపు తెరుచుకుంది.

"మామయ్యా! నాకు పన్ను ఊడింది!" అంటూ పాప లోపలికి ఉరికింది.

నర్సు తలుపు దగ్గరే ఆగింది. మొహం రాయిలా ఉంది, కానీ పెదవి కింద వణుకు తెలుస్తోంది. "దీన్ని ఎక్కిస్తున్నాను. నేను వెనకే స్కూటరు మీద వస్తాను," అంది.

"రండమ్మా. నెమ్మదిగానే తోలుతాను."

ఆ దారి అతనికి కళ్ళు మూసుకున్నా తెలుసు. అయినా బండి ఎన్నడూ తోలనివాడిలా, ఒళ్ళంతా కళ్ళు చేసుకుని తోలాడు. అద్దంలో ఒక పక్క పాప, ఒక పక్క స్కూటరు. పాప ఊరుకుంటే కదా. ఒక సీటులోంచి ఇంకో సీటులోకి మారుతూ, ఊడిన పన్ను గురించీ, బళ్ళో కొత్తగా వచ్చిన టీచరు గురించీ, అమ్మ నిన్న ఏదీ తినకపోవడం గురించీ ఏకధాటిగా చెబుతూనే ఉంది. చివరి స్టాపులో మామ్మ ఎక్కి పాపను చూసి, "ఓహో, ఇవాళ బండి నిండిపోయిందే!" అని వీధంతా వినపడేలా అరిచింది.

మందిరం ముందు జనం ఉన్నారు. వ్యానులో పిల్ల తల కనపడగానే గుసగుసలు మొదలయ్యాయి. బండి ఆగీ ఆగకముందే పాస్టరుగారు పరిగెత్తుకుంటూ వచ్చారు, మొహం వెలిగిపోతూ. ఆయన వెనక తాళాల పెద్దాయన, గలగలమంటూ. టైలరు కూడా వచ్చి మామ్మను దించడానికి చెయ్యి అందించాడు. ఒక్కసారిగా తలుపు దగ్గర ఇంతమంది. మామ్మ కర్ర ఎవరి కాలికో తగిలింది, ఆ కాలివాడు అరిచాడు, మామ్మ ఇంకా గట్టిగా అరిచింది. డ్రైవరు భార్య మామ్మను పట్టుకుని మెట్ల వైపు నడిపించింది.

"చూశావా దేవుడి పని!" పాస్టరుగారు డ్రైవరు చెయ్యి పట్టుకుని కిందికి లాగారు. ఆయన కళ్ళల్లో నిజంగానే నీళ్ళున్నాయి. "ఇవాళ సాక్ష్యం నువ్వే చెప్పాలి. రా, రా, పాట మొదలైపోయింది. పోయిన వారం నా పిల్లల్ని నేను... అదంతా తర్వాత మాట్లాడుకుందాం. ముందు లోపలికి రా."

"ఒక్క నిమిషమండి."

"తాళం ఇటివ్వు, నేను వేస్తాలే," అన్నాడు తాళాల పెద్దాయన, చెయ్యి చాపి. "అందరూ దిగిపోయారు. నేను చూశాను."

డ్రైవరు తాళం ఇవ్వలేదు. "నేనొకసారి చూసొస్తానండి," అని పాస్టరుగారి చేతిలోంచి తన చెయ్యి మెల్లగా విడిపించుకుని బండెక్కాడు. వాళ్ళిద్దరూ మొహమొహాలు చూసుకున్నారు. లోపల పాట అందుకుంది. కాసేపు నిలబడి, వచ్చేస్తాడులే అని వాళ్ళు మెట్లెక్కారు.

మొదటి సీటు మీద చెయ్యి. కింద చూపు. ఏమీ లేదు. రెండో సీటు. మామ్మ పడేసుకున్న చేతిరుమాలు. జేబులో పెట్టుకున్నాడు. తర్వాతి సీటు. వంగి కింద తొంగి చూసేసరికి, దూరాన చివరి సీటు కింద ఒక జత చెప్పులు. చిన్నవి, కొత్తవి, పక్కపక్కనే నీటుగా విడిచి ఉన్నాయి.

లేచి, సీట్లు పట్టుకుంటూ, ఎలా నడిచాడో తెలీకుండా నడిచాడు.

పాప చివరి సీటులో ముడుచుకుని పడుకుని ఉంది. చెంప కింద రెండు చేతులూ పెట్టుకుని, కళ్ళు ఎంత గట్టిగా మూసుకుందంటే ముక్కు కూడా ముడతలు పడింది. పెదవులు బిగబట్టినా నవ్వు ఆగడం లేదు.

డ్రైవరు సీటు ముందు మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

పాప ఒక కన్ను తెరిచింది. "వచ్చావా?"

"వచ్చానమ్మా."

"నేను నిద్రపోలేదు. ఊరికే." లేచి కూర్చుని, గొంతు తగ్గించింది. "మళ్ళీ నిద్రపోతే ఏం చేస్తావే అని అమ్మ రాత్రంతా అడుగుతూనే ఉంది. మామయ్య వస్తాడు అన్నాను. నమ్మలేదు. అందుకని చూపిద్దామని. నువ్వు వస్తావని నాకు తెలుసు."

"తెలుసు అనుకోకూడదు తల్లీ," అన్నాడు అతను. కన్నీళ్ళు గడ్డం దాకా వచ్చాయి, తుడుచుకోలేదు. "ప్రతిసారీ వచ్చి చూడాలి."

పాప అతని మొహం చూసి భయపడింది. తన గౌను అంచుతో అతని చెంప తుడిచి, ఊడిన పన్ను సందు చూపిస్తూ నవ్వించబోయింది. అప్పుడు చూశాడు అతను. వెనక తలుపు అద్దానికి అవతల నర్సు నిలబడి ఉంది. స్కూటరు స్టాండు కూడా వెయ్యకుండా గోడకు ఒరగబెట్టేసింది. ఆమె చెయ్యి బండి వెనక తలుపు పిడి మీద ఉంది. పిడిని ఎంత గట్టిగా పట్టుకుందో, వేళ్ళ కణుపులు తెల్లబడ్డాయి. బండి ఆగగానే పాప తల సీటు చాటున దాగడం ఆమె ఈ అద్దంలోంచి చూసింది. అప్పటినుంచి ఆమె అక్కడే నిలబడి ఉంది. పిలవలేదు, తలుపు తియ్యలేదు, పిడి వదల్లేదు.

అద్దంలోంచి ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఆమె మెల్లగా పిడి మీది నుంచి చెయ్యి తీసింది. తిమ్మిరెక్కిందేమో, ఇంకో చేత్తో ఒత్తుకుంది.

పాప చెప్పులు తొడుక్కుని ముందు తలుపులోంచి దిగి, తల్లి దగ్గరికి పరిగెత్తింది. "చూశావా! చెప్పానా!" అని ఆమె నడుమును చుట్టేసింది. నర్సు పాపను ఎత్తుకుంది. ఆ వయసు పిల్లను ఎత్తుకోవడం కష్టమే, అయినా ఎత్తుకుంది. దాని మెడలో మొహం దాచుకుని కాసేపు అలాగే ఉంది. లోపల పాట రెండో చరణంలో పడింది. పాస్టరుగారు గుమ్మంలోకి వచ్చి డ్రైవరు కోసం చూసి, ఈ ఇద్దరినీ చూసి, పిలవకుండా మళ్ళీ లోపలికి వెళ్ళిపోయారు.

డ్రైవరు తలుపు దగ్గర నిలబడ్డాడు. దిగాలో వద్దో తేల్చుకోలేక, తాళం రెండు చేతుల మధ్యా తిప్పుతూ.

నర్సు తల ఎత్తింది. కళ్ళు ఎర్రబడ్డాయి, గొంతు మాత్రం మామూలుగానే ఉంది, ఎప్పుడో బస్సు ఆపి దగ్గు గురించి చెప్పినప్పటిలా.

"మధ్యాహ్నం నాకు డ్యూటీ ఉంది. ఇటునుంచి ఇటే వెళ్ళిపోవాలి," అంది. "దీన్ని ఇంటి దగ్గర నువ్వే దింపెయ్యి, అన్నయ్యా."

"అలాగేనమ్మా."

అని, మళ్ళీ వెనక్కి తిరిగి, చివరి సీటు దాకా నడిచాడు. పాప దిగడం కళ్ళారా చూశాడు, బండిలో ఇంకెవరూ లేరని తెలుసు. అయినా సీటు మీద చెయ్యి ఆనించాడు. పాప పడుకున్న చోటు ఇంకా వెచ్చగా ఉంది.